మిగ్ నడిపిన చేతికి డీసీఎస్ ఇస్తే

వాయుసేనలో పనిచేసి రిటైరైన నాన్నగారికో తాతగారికో ఒక యుద్ధ విమాన సిమ్యులేటర్ కొనిపెట్టాలనుకునే ఇళ్లకు ఈ సమీక్ష. చూస్తున్నది ఈగిల్ డైనమిక్స్ వారి డీసీఎస్ వరల్డ్, అందులో విడిగా కొనుక్కునే విమానాల్లో (మాడ్యూళ్లలో) ఒకటైన, మాగ్నిట్యూడ్ 3 వారి మిగ్-21 బిస్ మాడ్యూల్. ఈ ఆట కుర్రాళ్లకు ఎలా ఉంటుందో చెప్పే సమీక్షలు బోలెడున్నాయి. నిజంగా ఆ కాక్‌పిట్‌లో కూర్చున్న మనిషి ముందు పెడితే ఏమవుతుందన్నదే ఇక్కడి సంగతి.

తీర్పు ముందే చెప్పేస్తే: పద్ధతుల విషయంలో ఈ ఆట చాలా గట్టిది, ఒంటికి తెలియాల్సిన విషయాల్లో గుడ్డిది. పెట్టె విప్పి అలాగే బల్లమీద పెడితే పాత పైలట్లలో ఎక్కువమంది పది నిమిషాల్లో లేచిపోతారు. తప్పు బొమ్మలది కాదు. స్టిక్ అమరికది, తెర కోణానిది. ఆ రెండూ సరిచేస్తే అదే మనిషి మధ్యాహ్నం భోజనం మాట మరిచిపోతాడు.

మిగ్-21 బిస్ మాడ్యూల్ 2014లో వచ్చింది. వయసు కనిపిస్తుంది. ఈమధ్య వచ్చిన మాడ్యూళ్ల పక్కన పెడితే కాక్‌పిట్ బొమ్మలు కాస్త వెలిసినట్టుంటాయి. అయినా పాత మనిషి కంటికి ముందు పడేది అది కాదు. ఆయన చూపు నేరుగా స్విచ్‌ల మీదికి పోతుంది. ఇంకా ఏమీ కదలకముందే కుడి పక్క ప్యానెల్‌లో బ్యాటరీ ఎక్కడ, జనరేటర్లు ఎక్కడ, ఇన్వర్టర్లు ఎక్కడ, ఇంధన పంపులు ఎక్కడ అని వెతుకుతారు. అవన్నీ వాటి వాటి చోట్లలోనే ఉంటాయి, ప్రతిదీ పనిచేస్తుంది. ఒకటి మరిచిపోతే దాని ఫలితం కూడా అనుభవంలోకి వస్తుంది. ఇన్వర్టర్లు వేయకుండా బయల్దేరితే కొన్ని గేజీలు చచ్చినట్టు పడుంటాయి. ఇంధనం ముల్లు దీనికి మంచి ఉదాహరణ. మిగ్-21లో ఆ గేజీ ట్యాంకులో ఎంతుందో కొలవదు. ఎంత నింపారో పైలటే నాబ్ తిప్పి ముందుగా పెట్టుకోవాలి, ఇంజన్ తాగిన లెక్క అందులోంచి తీసివేస్తూ పోతుంది. డ్రాప్ ట్యాంకు (బయట తగిలించే అదనపు ఇంధన ట్యాంకు) తగిలించి ముల్లు సరిచేయకపోతే అది అబద్ధం చెబుతుంది. ఆటలోనూ అంతే. మాన్యువల్ చదవని కుర్రాడికి ఇది చిరాకు, ఆ విమానం నడిపినవారికి ఇదే మొదటి నమ్మకం.

ఈ పట్టుదలకు కారణం ఉంది. డీసీఎస్‌లో 2011లో వచ్చిన ఏ-10సీ దాడి విమానం, అమెరికా ఎయిర్ నేషనల్ గార్డ్ కోసం చేసిన డెస్క్‌టాప్ శిక్షణ పరికరంలోంచి పుట్టింది. అసలు ఈ రంగం మొదటినుంచీ మాజీ పైలట్ల చేతుల్లోనే పెరిగింది. 1980లలో యుద్ధ విమానాల ఆటలకు పేరు మోసిన మైక్రోప్రోస్ సంస్థను సిడ్ మేయర్‌తో కలిసి పెట్టిన బిల్ స్టీలీ, అమెరికా వాయుసేనలో పైలట్‌గా చేసినవారు. 1991లో ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ తెచ్చిన విమాన పోరాట ఆటలో, ధ్వని వేగాన్ని మొదట దాటిన పైలట్ చక్ యేగర్ పేరే కాదు, గొంతు కూడా వినిపిస్తుంది. ఫాల్కన్ ఆటల తయారీలో ఎఫ్-16 పైలట్ పీట్ బొనానీ పాలుపంచుకున్నారు. కనుక మాజీ సైనికులు వీటిని పిల్లల ఆటలని కొట్టిపారేస్తారనుకోవడం పొరపాటు. వాళ్లు పిలిచి తప్పులు చూపిస్తారు. తప్పులు చూపించడం మొదలుపెట్టారంటే ఆసక్తి కలిగిందనే లెక్క.

కొనేముందు తెలుసుకోవాల్సిన ముఖ్యమైన సంగతి ఒకటుంది. ఈ మాడ్యూల్ అప్‌గ్రేడ్ కాని బిస్, మన వాయుసేన లెక్కలో టైప్ 75. చివరిదాకా ఎగిరిన బైసన్ కాదు. బైసన్‌లో కళ్లెదుటి గాజు మీద వివరాలు కనిపించే హడ్, కొత్త కోప్యో రాడార్, ఆర్-73 మిసైళ్లు ఉండేవి. ఇక్కడ అవి లేవు. పాత ఆప్టికల్ గన్‌సైట్, ఆర్పీ-22 రాడార్, ఆర్-3ఎస్, ఆర్-60 మిసైళ్లతోనే పని. 2000 తర్వాత బైసన్ మాత్రమే నడిపినవారికి ఇది చేతులు కట్టేసినట్టనిపిస్తుంది. టైప్ 77 అంటే ఎఫ్‌ఎల్, టైప్ 96 అంటే ఎం నడిపిన పాతతరం వారికి బాగానే నప్పుతుంది. అయితే వాళ్లు కూడా ఇంజన్ దగ్గర ఆగిపోతారు. బిస్‌లోని ఆర్-25 ఇంజన్, ఎఫ్‌ఎల్‌లో ఉన్న ఇంజన్ కంటే చాలా బలమైనది. మామూలు రీహీట్ (ఇంజన్ వెనక అదనంగా ఇంధనం మండించడం) మీద 7,100 కిలోల తోపుడు బలం, 4,000 మీటర్ల లోపు ఎత్తులో కొద్ది నిమిషాలకు మాత్రం వాడే అత్యవసర రీహీట్ మీద 9,900 కిలోలు. 1971 డిసెంబర్ 14న ఢాకాలో గవర్నర్ భవనం మీద రాకెట్లు వేసిన ఎఫ్‌ఎల్‌లలో లోపలి ఫిరంగి కూడా లేదు. బిస్‌లో 200 గుండ్ల జీఎస్‌హెచ్-23 ఉంది. ఆ కాలపు మనిషికి ఇది తన విమానానికి తమ్ముడు, తన విమానం కాదు. ఆ మాట ముందే చెప్పి కూర్చోబెట్టడం మంచిది.

ఆప్షన్లలో కాక్‌పిట్ భాష ఇంగ్లిష్‌కు మార్చండి, లేకపోతే లేబుళ్లు రష్యన్‌లో వస్తాయి. గేజీలు గంటకు కిలోమీటర్లు, మీటర్లలోనే ఉంటాయి. మన మిగ్‌లలోనూ అంతే కాబట్టి దాన్ని మార్చే పని లేదు.

చేతులు ఎందుకు ఒప్పుకోవు

నిజమైన మిగ్ స్టిక్ నేలమీంచి లేచి మోకాళ్ల మధ్య ఉంటుంది, పొడుగ్గా. బల్లమీది జాయ్‌స్టిక్ జానెడుంటుంది. పొడుగు కర్రను కొంచెం కదిపే అలవాటున్న చేయి పొట్టి కర్రనూ అంతే కదిపితే విమానం ముక్కు ఎగిరి పడుతుంది. దాంతో పైలట్ వెంటనే ఎదురు దిశలో సరిచేస్తారు, అది ఎక్కువై మళ్లీ ఇటు. బయటినుంచి చూసేవారికి పెద్దాయన మరిచిపోయారనిపిస్తుంది. మరిచిపోలేదు, కర్ర పొట్టిది.

దీనికి చేయాల్సినవి మూడు. స్టిక్‌ను బల్లమీంచి తీసి కుర్చీ ముందు, మోకాళ్ల మధ్యకు తేవాలి. కుర్చీకి బిగించే మౌంట్లు దొరుకుతాయి, వడ్రంగి చేత చెక్క స్టాండ్ చేయించినా చాలు. ఊగకుండా ఉండటమే ముఖ్యం. రెండోది, వీలైతే గ్రిప్‌కీ బేస్‌కీ మధ్య 10 నుంచి 20 సెంటీమీటర్ల గొట్టం పొడిగింపు. ఇది వీకేబీ, విర్‌పిల్ కంపెనీల బేస్‌లలో మామూలే. చవక ప్లాస్టిక్ స్టిక్‌లకు పొడిగింపు పెడితే స్ప్రింగ్ మోయలేదు, లోపలి గేర్ పళ్లు అరిగిపోతాయి. మూడోది, పొడిగింపు లేకపోతేనే కంట్రోల్స్ మెనూలో పిచ్, రోల్ అక్షాలకు 15 నుంచి 20 కర్వేచర్ (మధ్యలో స్టిక్ స్పందనను మెత్తబరిచే సెట్టింగు) ఇవ్వండి. డెడ్‌జోన్ సున్నా ఉంచండి. డెడ్‌జోన్ పెంచితే మధ్యలో స్టిక్ చచ్చినట్టుండి చేయి ఇంకా తికమకపడుతుంది.

వేగం పెరిగేకొద్దీ నిజం విమానంలో స్టిక్ బరువెక్కుతుంది. స్ప్రింగ్ స్టిక్ ఎప్పుడూ ఒకేలా ఉంటుంది. ఇది కర్వ్‌లతో పోయే లోటు కాదు. మోటారుతో చేతికి ఎదురు బలం ఇచ్చే ఫోర్స్ ఫీడ్‌బ్యాక్ బేస్ ఒక్కటే మార్గం, డీసీఎస్ దాన్ని చక్కగా వాడుకుంటుంది. మోజా ఏబీ9, వీపీఫోర్స్ రైనో లాంటివి ఇప్పుడు దొరుకుతున్నాయి. ధర, దిగుమతి సుంకం కలిపితే కంప్యూటర్ ధరలో సగం దాకా పోవచ్చు. ఒకే వస్తువు మీద డబ్బు పెట్టగలిగితే గ్రాఫిక్స్ కార్డు కంటే ముందు దీనిమీద పెట్టమంటాను. పైలట్‌గా చేసిన మనిషి తేడాను చేతిలో పట్టుకున్న క్షణంలో పోల్చుకుంటాడు.

బ్రేకు సంగతి చాలామంది వదిలేస్తారు. మిగ్-21లో చక్రాల బ్రేకు కాళ్ల దగ్గర ఉండదు. స్టిక్ మీద సైకిల్ బ్రేకులా ఒక లివర్ ఉంటుంది, అది నొక్కుతూ రడ్డర్ పెడల్ తోస్తే ఆ వైపు చక్రం ఎక్కువ పట్టుకుంటుంది. ముందు చక్రం దానంతటది తిరిగేదే, దాన్ని తిప్పే స్టీరింగ్ లేదు. టాక్సీ, అంటే నేలమీద విమానం నడపడం, అంతా ఇలాగే చేయాలి. ఆటలో బ్రేకు మామూలుగా కీబోర్డు మీద డబ్ల్యూ కీకి ఉంటుంది. అలా వదిలేస్తే మిగ్ పైలట్ వేళ్లు గ్రిప్ ముందు లేని లివర్ కోసం వెతుకుతూనే ఉంటాయి. లివర్ ఉన్న రష్యన్ తరహా గ్రిప్ కొని దాన్ని వీల్ బ్రేక్ అక్షానికి కలపండి. రడ్డర్ పెడళ్లు తప్పనిసరి. స్టిక్‌ను మెలితిప్పి రడ్డర్ వాడటం కాళ్లతో ఎగిరిన మనిషికి ఎప్పటికీ ఒంటబట్టదు.

ఇక మౌస్. స్విచ్ వేయాలంటే స్టిక్ వదిలి, మౌస్ పట్టుకుని, తెరమీద ఆ చిన్న లివర్ వెతికి క్లిక్ చేయాలి. ఎడమచేయి చూడకుండానే ల్యాండింగ్ గేర్ హ్యాండిల్ మీదికి వెళ్లే మనిషికి ఇది అవమానంలా ఉంటుంది. గేర్, ఫ్లాప్స్, ఎయిర్‌బ్రేక్, దిగాక వెనక విచ్చుకునే డ్రాగ్ చ్యూట్, రీహీట్ స్విచ్, ఈ అయిదూ థ్రాటిల్ మీది బటన్లకో చవక స్విచ్ ప్యానెల్‌కో ఇచ్చేస్తే సగం గొడవ పోతుంది. ఓపికున్న మనవలు ఆర్డుయినో అనే చిన్న సర్క్యూట్ బోర్డుతో, దాన్ని ఆటకు కలిపే డీసీఎస్-బయోస్ సాఫ్ట్‌వేర్‌తో సొంత ప్యానెళ్లు చేస్తారు. ఇంటిల్లిపాదికీ అదొక మంచి కాలక్షేపం కూడాను.

కంటి లెక్క

27 అంగుళాల తెరను 60 సెంటీమీటర్ల దూరంనుంచి చూస్తే కంటికి దక్కేది అడ్డంగా 53 డిగ్రీలే. ఆట మామూలుగా అందులో దాదాపు 80 డిగ్రీల దృశ్యం ఇరికిస్తుంది. ఫలితంగా ముందున్నదంతా ఒకటిన్నర రెట్లకు పైగా దూరంలో ఉన్నట్టు కనిపిస్తుంది. రన్‌వే దూరంగా కనిపిస్తుంది కాబట్టి అనుభవమున్న పైలట్ ఫ్లేర్ (నేల తాకేముందు ముక్కు ఎత్తడం) ఆలస్యంగా మొదలుపెట్టి చక్రాలు విరగ్గొడతారు. కుర్రాడికి ఈ సమస్య రాదు, ఎందుకంటే అతనికి నిజం రన్‌వే కొలత కంట్లో లేదు. దిగేటప్పుడు దృశ్య కోణాన్ని 55 దగ్గరికి తెచ్చే జూమ్ అక్షాన్ని థ్రాటిల్ మీది చక్రానికి ఇవ్వండి. తల తిప్పితే దృశ్యం తిరిగే ట్రాక్‌ఐఆర్ లాంటిది కూడా ఉండాలి, స్టిక్ మీది చిన్న హ్యాట్ స్విచ్‌తో చుట్టూ చూడటం పోరాటంలో పనికిరాదు.

దిగడంలో మరో సంగతి, ఈసారి ఆటకు మార్కులు పడేది. బిస్‌లో ఫ్లాపుల మీదుగా ఇంజన్ గాలిని ఊదే ఎస్పీఎస్ ఏర్పాటు ఉంది. అది వేసుకుంటే దిగే వేగం తగ్గుతుంది, కానీ ఇంజన్ తిరుగుతున్నంతసేపే గాలి. నేలకు ముందు థ్రాటిల్ మొత్తం లాగేస్తే ఊదడం ఆగి విమానం రాయిలా దిగుతుంది. ఆటలో కొత్తవాళ్ల మిగ్‌లు విరిగేది ఎక్కువగా ఇందుకే. అప్రోచ్‌లో గంటకు 350 కిలోమీటర్ల దగ్గర ఉండి, నేల తాకేదాకా కొంత పవర్ ఉంచి, 300 లోపు తాకించి, ముక్కు దించాక చ్యూట్ వదలడం పాత పైలట్‌కు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఆయన చేసినట్టే ఆట స్పందిస్తుంది. ఆ ఒక్క ల్యాండింగ్ తర్వాతే కొంతమంది ఆట వైపు కాస్త గౌరవంగా చూస్తారు.

శరీరం మాత్రం వేరే లెక్క. డెల్టా రెక్కల మిగ్‌ను గట్టిగా తిప్పితే వేగం జారిపోతుంది. అది నిజంలో నడుముకీ సీటుకీ తెలుస్తుంది, విమానం వణుకు ఒంటికి చెబుతుంది. ఇక్కడ తెర అంచులు నల్లబడటం, ఊపిరి చప్పుడు, అంతే. అందుకే పైలట్లు ఎక్కువగా లాగేస్తారు, వేగం పోయిందని ముల్లు చూశాకే తెలుస్తుంది. సీటు కింద పెట్టే బాస్ షేకర్ (శబ్దానికి తగ్గట్టు కంపించే పరికరం) దీన్ని కొంత తీరుస్తుంది. దానికి చిన్న ఆంప్లిఫయర్, సిమ్‌షేకర్ లాంటి సాఫ్ట్‌వేర్ చాలు.

వీఆర్ హెడ్‌సెట్ పెట్టి తాతగారిని ఆశ్చర్యపరచాలని చాలామందికి ఉబలాటం. మొదటి రోజు వద్దు. సిమ్యులేటర్ వికారం అనుభవం లేనివారికంటే అనుభవమున్న పైలట్లకే ఎక్కువ వస్తుందని 1950ల చివర్లో అమెరికా నౌకాదళం బెల్ హెలికాప్టర్ సిమ్యులేటర్ మీద జరిపిన పరీక్షల్లోనే తేలింది. శిష్యులకంటే బోధకులే ఎక్కువ ఇబ్బందిపడ్డారు. విమానం తిరిగిందని కన్ను అంటుంది, తిరగలేదని చెవిలోని సమతౌల్య అవయవం అంటుంది. ఆ రెండూ ఎలా కలిసి రావాలో బాగా తెలిసిన శరీరమే ముందు ఎదురుతిరుగుతుంది. కనుక వికారం వస్తే అది ముసలితనం కాదని ఆయనకు చెప్పడం కూడా మర్యాదే.

వీఆర్ వాడదలిస్తే మొదట పది నిమిషాలు, తిన్నగా, నేలకు సమాంతరంగా ప్రయాణం మాత్రమే. చెమట, ఆవలింతలు, మౌనం, ఈ మూడింటిలో ఏది కనిపించినా తీసేయాలి. వాంతి దాకా ఆగితే మరోసారి పెట్టుకోరు. ఆ రోజు బండి నడపనివ్వకండి. క్వెస్ట్ 3 హెడ్‌సెట్ బరువు 515 గ్రాములు, అదీ ముందువైపు. మెడ ఎముకల నొప్పి ఉన్నవారికి వెనక బ్యాటరీ ఉన్న పట్టీ పెడితే బరువు సమంగా పడుతుంది. చదివే కళ్లద్దాలు కాదు, దూరపు చూపు అద్దాలు పెట్టుకోమనండి. హెడ్‌సెట్‌లో బొమ్మ ఒకటి రెండు మీటర్ల అవతల ఉన్నట్టు కంటికి తెలుస్తుంది. సెకండ్‌హ్యాండ్‌లో చవగ్గా దొరికే హెచ్‌పీ రివర్బ్ జీ2 జోలికి పోవద్దు. విండోస్ 11, 24హెచ్2 నుంచి దానికి కావాల్సిన విండోస్ మిక్స్‌డ్ రియాలిటీని మైక్రోసాఫ్ట్ తీసేసింది.

యుద్ధం చూసినవారి విషయం

యుద్ధంలో ఎగిరిన మనిషికీ, శాంతికాలంలోనే ఉద్యోగం ముగించిన మనిషికీ ఒకే మిషన్ పెట్టకూడదు. ఇక్కడ ఆట కంటే పెట్టేవారి తెలివి ముఖ్యం.

వియత్నాం అనుభవం దీన్ని బాగా చూపిస్తుంది. 1997లో అట్లాంటాలో ఎమొరీ విశ్వవిద్యాలయానికి చెందిన బార్బరా రాత్‌బామ్, జార్జియా టెక్‌కు చెందిన లారీ హాడ్జెస్ బృందం వియత్నాం మాజీ సైనికుల మానసిక గాయాల చికిత్సకు వర్చువల్ రియాలిటీ వాడింది. అందులో ఒక దృశ్యం హ్యూయీ హెలికాప్టర్ లోపల, రెండోది అడవి మధ్య ఖాళీ స్థలం. 1999లో వాళ్లు ప్రచురించిన కేసులో రోగి వియత్నాంలో హెలికాప్టర్ పైలట్‌గా చేసిన యాభై ఏళ్ల మనిషి. చికిత్సతో ఆయన లక్షణాలు తగ్గాయి. తర్వాత ఇరాక్, అఫ్గానిస్తాన్ సైనికుల కోసం దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో స్కిప్ రిజ్జో బృందం ఈ పనినే పెంచింది. కానీ అక్కడ పక్కన వైద్యులున్నారు. ఏ శబ్దం ఎప్పుడు, ఎంత అన్నది వాళ్ల చేతిలో ఉంది, రోగి చెబుతున్నదాన్ని బట్టి మెల్లగా పెంచారు. డీసీఎస్‌లోని యూహెచ్-1హెచ్ హ్యూయీ మాడ్యూల్‌లో రోటర్ చప్పుడు, డోర్ గన్ శబ్దం బ్రహ్మాండంగా ఉంటాయి, కానీ ఆపమని ఎవరూ చెప్పరు. బొమ్మ ఒకటే, పని వేరు. దీన్ని వైద్యం అనుకుని పెట్టకండి.

సాధారణంగా తట్టిలేపేవి పేలుళ్లు కావు, శబ్దాలు. మిగ్‌లో రాడార్ హెచ్చరిక ఎస్పీఓ-10 చేసే బీప్, రేడియోలో తోటి పైలట్ గొంతు హఠాత్తుగా ఆగిపోవడం, ఇజెక్ట్ అన్న అరుపు. ఆడియో మెనూలో కాక్‌పిట్, హెల్మెట్, బయటి ప్రపంచం అన్నింటికీ వేర్వేరు స్లైడర్లు ఉన్నాయి. హెల్మెట్ శబ్దం సగానికి దించి మొదలుపెట్టండి. హెడ్‌ఫోన్లు వద్దు, స్పీకర్లు చాలు. గదిలో ఏం జరుగుతోందో ఆయనకు తెలుస్తూ ఉండాలి. పాజ్ కీ పక్కన కూర్చున్నవారి వేలు కింద ఉండాలి.

తయారుగా వచ్చే మిషన్లు పెట్టకుండా మిషన్ ఎడిటర్‌లో సొంతంగా ఒకటి చేయండి, పది నిమిషాల పని. ఉచితంగా వచ్చే కాకసస్ మ్యాప్ తెరిచి, కుటాయిసి విమానాశ్రయంలో మిగ్‌ను పెట్టి, బయల్దేరే చోటు రన్‌వే ఇవ్వండి. స్విచ్‌లు చూడాలని ఆయనే అడిగితే పార్కింగ్ ఇవ్వండి. ఉదయం పది గంటలు, గాలి సున్నా, మబ్బుల్లేవు, ఇంధనం 60 శాతం, ఆయుధాలు ఏమీ లేవు. ఇంకే విమానం లేదు. రన్‌వే చుట్టూ ఒక సర్క్యూట్ తిరిగి దిగనివ్వండి. ఆయుధాలు కావాలా అన్నది ఆయన నోటినుంచి రావాలి. ఆట మధ్యలో లేచిపోయినా, రెండు రోజులు నిద్ర పట్టకపోయినా, పాత సంగతులు కమ్ముకున్నట్టనిపించినా ఆట కట్టేసి మాజీ సైనికుల వైద్య పథకం ఈసీహెచ్‌ఎస్ పాలీక్లినిక్‌లో డాక్టరుతో మాట్లాడించండి. మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ 14416కు ఫోన్ చేసినా సరే, అది తెలుగులోనూ పలుకుతుంది.

ఆన్‌లైన్ సర్వర్లకు మాత్రం పంపకండి. అక్కడ నిజమైన అలవాట్లు ఓడిపోతాయి. యుద్ధంలో ఎగిరిన మనిషి ఇంధనం లెక్క చూసుకుంటాడు, ఎదుటివాడు ఎక్కువగా ఉంటే తిరిగి వచ్చేస్తాడు, రేపు మళ్లీ ఎగరాలి కదా. ఎదుట ఉన్న పదిహేడేళ్ల కుర్రాడికి ప్రాణం ఖరీదు ఒక మౌస్ క్లిక్. చెట్లకు రాసుకుంటూ వచ్చి, ఇంజన్ కాల్చేసుకుంటూ అయినా సరే ఎదురెదురుగా వచ్చి ఢీకొడతాడు. మూడుసార్లు అలా కూలాక పెద్దాయనకు వచ్చే కోపం ఓడిపోయినందుకు కాదు, ఎవడికీ భయం లేనందుకు. ఆ కోపంలో న్యాయముంది.

వీళ్లను నిజంగా కట్టిపడేసేది మరొకటుంది. టాక్‌వ్యూ అనే ప్రోగ్రామ్ డీసీఎస్ రికార్డింగును మూడు కొలతల్లో మళ్లీ చూపిస్తుంది. ఎవరు ఎప్పుడు ఎంత ఎత్తులో, ఎంత వేగంతో ఉన్నారో గీతలు గీసి పెడుతుంది. మనవడు ఎగరాలి, తాతగారు వెనక కుర్చీలో కూర్చుని చూడాలి, తర్వాత ఇద్దరూ టాక్‌వ్యూ పెట్టుకోవాలి. స్క్వాడ్రన్‌లో ప్రతి సార్టీ (ఒక విడత ఎగరడం) తర్వాత కూర్చుని జరిగిందంతా చర్చించే డీబ్రీఫ్ అలవాటు ఒంట్లో ఉన్న మనిషి ఇక వదలరు. తానే ఎగరడం కంటే చెప్పడం ఇష్టపడే మాజీ పైలట్లు ఎక్కువ. దీనికి ఖరీదైన స్టిక్ కూడా అక్కర్లేదు.

వాయుసేన అనగానే పైలట్ అనుకుంటాం గానీ, మన వీధుల్లో కనిపించే రిటైరైనవాళ్లలో ఎక్కువమంది ఎయిర్‌మెన్. ఇంజన్ ఫిట్టర్లు, ఆర్మరర్లు, ఎలక్ట్రీషియన్లు, రాడార్ ఆపరేటర్లు. వాళ్లకు ఈ ఆట సగమే పనికొస్తుంది. ఆర్మరర్‌గా చేసినవారు మిషన్‌లో ఆయుధాల అమరిక పేజీ తెరిచి ఏ పైలాన్‌కు (ఆయుధం తగిలించే కొక్కేనికి) ఏది వెళ్తుందో చూస్తూ చాలాసేపు గడుపుతారు. ఇంజన్ మనిషికి స్టార్ట్ చప్పుడు వినిపించండి. ఎఫ్2 నొక్కి బయటి దృశ్యంలో తోక వెనక నిలబడి రీహీట్ వెలిగించమనండి. ఆర్-25 ఇంజన్లు విశాఖ దాటి కొండలెక్కితే వచ్చే సునాబెడలో, హెచ్‌ఏఎల్ కోరాపుట్ విభాగంలో తయారయ్యాయి, అక్కడ పనిచేసినవారికి ఆ శబ్దంతో మాటలు మొదలవుతాయి. కానీ ప్యానెల్ తెరవడం, ఇంజన్ దించడం, వైర్ వెతకడం ఏమీ లేవు. గ్రౌండ్ క్రూ అంటే ఆటలో రేడియో మెనూలో ఒక లైను మాత్రమే. ఇది ఈ ఆటలన్నింటిదీ పెద్ద లోటు.

మిగ్ నప్పనివారికి ఏముంది? ఎఫ్-16 కావాలంటే ఫాల్కన్ బీఎంఎస్, పాత ఫాల్కన్ 4 కొంటే అది ఉచితం, కానీ అమర్చడానికి ఓపిక కావాలి. అమెరికాలో ఉంటున్న మనవాళ్లకు పొరుగింటి వియత్నాం వెటరన్ ఫాంటమ్ నడిపాడని తెలిస్తే, 2024లో హీట్‌బ్లర్ తెచ్చిన ఎఫ్-4ఈ ఫాంటమ్ మాడ్యూల్ చూపించండి, వెనక సీటు మనిషిని కూడా ఆటే ఆడిస్తుంది. మిరాజ్ 2000 మీద ఎగిరినవారి కోసం మాడ్యూల్ ఉంది గానీ, దాన్ని చేసిన రాజ్‌బామ్‌కూ ఈగిల్ డైనమిక్స్‌కూ 2024లో చెల్లింపుల గొడవ వచ్చింది. ఇప్పుడు దానిమీద డబ్బు పెట్టడం వివేకం కాదు. యుద్ధమే వద్దు, పాత ఊర్ల మీద ఎగిరితే చాలు అన్నవారికి డీసీఎస్ అసలే కాదు, అందులో భారతదేశం మ్యాప్ లేదు. మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్‌లో భూగోళమంతా ఉంది. బేగంపేట నుంచి లేచి దుండిగల్ మీదుగా ఒక చుట్టు తిరిగి రావచ్చు, గుండు పేలదు. నిజం చెప్పాలంటే చాలా ఇళ్లలో కొనాల్సింది ఇదే.

డీసీఎస్‌నే ఎంచుకుంటే డబ్బు కట్టేముందు ఉచితంగా వచ్చేవి వాడండి. అసలు ఆట ఉచితం, దానితో సు-25టీ, ఆయుధాల్లేని టీఎఫ్-51డీ మస్టాంగ్ వస్తాయి. స్టిక్ అమరిక, తెర కోణం, శబ్దాలు అన్నీ మస్టాంగ్ మీదే సరిచేసుకోండి. తర్వాత ఈగిల్ డైనమిక్స్ సొంత సైట్‌లోంచి మిగ్-21ను 14 రోజులు ట్రయల్ తీసుకోండి. ఆటలు అమ్మే స్టీమ్ దుకాణంలో ఈ ట్రయల్ ఉండదు కాబట్టి ఆటను సైట్ నుంచే దించుకోవాలి. మాడ్యూల్ పూర్తి ధర సుమారు 50 డాలర్లు, ఏడాదిలో పలుమార్లు వచ్చే సేల్‌లలో సగానికి దొరుకుతుంది. కంప్యూటర్‌లో 32 జీబీ మెమరీ, ఎస్‌ఎస్‌డీ ఉండాలి. మ్యాపులు ఒక్కొక్కటి కలుపుకుంటూ పోతే వందల జీబీ తింటాయి, కాకసస్ ఒక్కటే ఉంచండి. ట్రయల్ గడియారం డౌన్‌లోడ్ కోసం ఆగదు, యాక్టివేట్ చేసిన రోజునుంచే నడుస్తుంది. అందుకని పెద్దాయన ఊళ్లో ఉండి, పెడళ్లు వచ్చి, స్టిక్ బిగించాక ఆ బటన్ నొక్కండి.